రెండో ఫైలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రిజిస్టరు ఎవరికీ అక్కర్లేక మూల పడి ఉంటే నేను తీసుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు రాసి, పాత ఎక్స్‌రేల బీరువాలో అడుగున పెడతాను. ఆ దుమ్ములో చెయ్యి పెట్టేంత పనిమంతులు ఈ రికార్డు రూములో నేను తప్ప లేరు.

ఈరోజు కొత్త డాక్టరమ్మ ఒకామె వచ్చింది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రెండూ కలిసి ఉన్నవాళ్ళు పదేళ్ళకి, పదిహేనేళ్ళకి ఏమయ్యారో లెక్క తీస్తుందట. మా సూపరింటెండెంటు పొద్దున్నుంచి సాయంత్రందాకా దగ్గుతూనే ఉంటాడు కాబట్టి ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు, దగ్గుల సారు అంటారు. ఆయన నన్ను చూపించి, ఈవిడ ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉంది, కళ్ళు మూసుకుని ఫైలు తీస్తుంది అన్నాడు. పొగిడినట్టే పొగిడి పని నా నెత్తిన పడేశాడు.

మా ఆయన ఫైలు ఆమె లెక్కలోకి రాదు. ఆయనది హెచ్‌ఐవీ ఒక్కటే. ఫైల్లో అలాగే ఉంది.

ఫిబ్రవరి 6, గురువారం

లెక్కల డాక్టరమ్మ మంచి పిల్లే. తుమ్ముతూనే పని చేస్తుంది. హెచ్‌ఐవీ ఫైళ్ళకి పేర్లుండవు, నంబర్లే. వాటి బీరువా తాళాలు ఆ జబ్బు చూసే పెద్ద డాక్టరు దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. లివరు ఓపీ ఫైళ్ళు మామూలు ర్యాకుల్లో పేర్లతో ఉంటాయి. ల్యాబు నంబర్లు పట్టుకుని ఈ రెండింటినీ కలపడం మా పని. మూడు గుట్టలు పెట్టాం. హెచ్‌ఐవీ ఒక్కటే ఉన్నవాళ్ళు, హెపటైటిస్ ఒక్కటే ఉన్నవాళ్ళు, రెండూ ఉన్నవాళ్ళు. ఒక్కో ఫైలుకీ నాలుగు గడులు. బతికి ఉన్నారు. చనిపోయారు. వేరే చోటికి మారారు. జాడ తెలియదు.

మా ఆయన నంబరు మొదటి గుట్టలో వచ్చింది. పదకొండేళ్ళ నుంచి ఒక్క నెల కూడా మందు మానలేదు, తొమ్మిదేళ్ళుగా రక్తంలో వైరస్ కనిపించడం లేదు. డాక్టరమ్మ ఫైలు తిరగేసి, "ఎంత బాగా వాడాడో చూడండి మేడమ్, ఇలాంటివాళ్ళు పదిమందుంటే చాలు" అంది. అది ఎవరి ఫైలో ఆమెకి తెలియదు. నాకు గర్వంగా అనిపించింది. బతికి ఉన్నారు అనే గడిలో నేనే టిక్కు పెట్టాను.

రెండో గుట్టలో ఒక పల్చటి ఫైలు దగ్గర ఆమె ఆగింది. ఒక్క కాగితం. హెపటైటిస్ బి ఉందని రిపోర్టు, తర్వాత మనిషి మళ్ళీ రాలేదు. ఈయనేమయ్యాడు మేడమ్ అని అడిగింది. జాడ తెలియదని రాసుకోండి అన్నాను. రాసుకుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పొద్దున మా ఆయన టిఫిన్ సగం వదిలేశారు. ఎండలు మొదలయ్యాయి కదా.

ఫిబ్రవరి 11, మంగళవారం

మూడో గుట్టలో అరవై ఒక్కమంది తేలారు. వాళ్ళలో పంతొమ్మిదిమంది చనిపోయారు. డాక్టరమ్మ ఒక్కో ఫైల్లో చివరి కాగితం చదివి, పెన్సిలు బల్ల మీద పెట్టేసి, "వీళ్ళని హెచ్‌ఐవీ చంపలేదు మేడమ్. అదెప్పుడో అణిగిపోయింది. లివరే తీసుకుపోయింది" అంది.

ఎలాగని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. మూడు మందులు కలిపిన పాత మాత్ర ఉందే, అందులో ఒక మందు రెండు వైరస్‌ల మీదా పని చేస్తుందట. కిడ్నీల వల్లో మరో కారణం వల్లో ఆ మందు తీసేయాల్సి వస్తే, హెపటైటిస్‌కి వేరే మందు తప్పనిసరిగా పెట్టాలి. మర్చిపోయి తీసేస్తే హెచ్‌ఐవీకి ఏమీ కాదు, కొత్త మాత్ర దాన్ని చూసుకుంటుంది. లివరులో ఉన్నది మాత్రం మెల్లగా లేస్తుంది. అసలు ఏ మందు వాడుతున్నా ఆరు నెలలకోసారి లివరు స్కాను తీయిస్తూనే ఉండాలి, గడ్డ పుట్టినా చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. ఈ అరవై ఒక్కమందిలో సగానికి ఒక్క స్కాను కూడా లేదని తల పట్టుకుంది.

తీసేసి పద్నాలుగు నెలలయితే ఏమవుతుందని అడిగాను.

"ఎవరికి మేడమ్?"

ఊరికే అడిగానన్నాను. గబగబా ఫైళ్ళు సర్దేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. మూడుసార్లు కడిగాను.

ఫిబ్రవరి 12, బుధవారం

మాత్ర మార్చింది పెద్ద డాక్టరు. నేను కాదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆ పల్చటి ఫైలు మా ఆయనదే.

రాసేశాను. ఇంక ఎలా జరిగిందో కూడా రాస్తాను, రేపు నేనే మాట మార్చకుండా.

పదకొండేళ్ళ కిందట ఆయనకి నెలరోజులు జ్వరం తగ్గకపోతే పరీక్ష చేయించారు. హెచ్‌ఐవీ. నాకు లేదు. ఎలా వచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అప్పుడున్న డాక్టరు హెపటైటిస్ పరీక్ష కూడా రాశాడు. ల్యాబు కౌంటరులో ఆ రోజు కూర్చున్నది మా వీధిలో ఉండే మనిషి మరదలు. ఆయన పేరు చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుందని భయపడి, చిన్నప్పుడు వాళ్ళమ్మ పిలిచిన ముద్దుపేరు చెప్పాను. దానికి ముందు ఎవరిదో ఇంటిపేరు తగిలించాను. రిపోర్టు ఆ పేరుతోనే నా రికార్డు రూముకి వచ్చింది. ఆ జబ్బూ ఉంది.

నేనే తీసుకెళ్ళి డాక్టరుకివ్వాలి. ఆ వారమే ఆ డాక్టరు బదిలీ అయిపోయాడు. కొత్తగా పెద్ద డాక్టరు వచ్చాడు, ఫైలు చూసి మాత్రలు మొదలుపెట్టాడు. హెపటైటిస్ అని రాసిన గడి ఖాళీగా ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒక జబ్బుతోనే తలెత్తుకోలేకపోతున్నాం, రెండోది తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ ముద్దుపేరుకి ఓ ఫైలు తెరిచి, కాగితం అందులో పెట్టి, ర్యాకులో అట్టడుగున తోశాను. టీకా మాత్రం వెళ్ళి మూడు డోసులూ వేయించుకున్నాను. నా సంగతి నేను మర్చిపోలేదు.

తర్వాత చెబుదాం అనుకున్నాను.

మొన్న కాక అంతకు ముందు డిసెంబరులో కిడ్నీల రిపోర్టు బాగోలేదని పెద్ద డాక్టరు మాత్ర మార్చాడు. మార్చేముందు ఫైలు తిరగేశాడు. ఏమీ కనిపించలేదు. తలెత్తి, హెపటైటిస్ బి ఉందని ఎవరైనా ఎప్పుడైనా అన్నారా అని మా ఆయన్నే అడిగాడు. ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. కర్టెన్ అవతల మా సెక్షను మనిషి ఎవరితోనో మాట్లాడుతోంది, ఆ గొంతు నాకు వినిపిస్తోంది. ఆయన "లేదండీ" అన్నారు.

ఒక్క మాట. నోరు పడిపోయిందా నాకు.

ఫిబ్రవరి 17, సోమవారం

సెలవు పెట్టి ఆయన పనిచేసే షాపుకి వెళ్ళాను. బస్సుల సీట్లకీ సోఫాలకీ రెక్సిను కుట్టే షాపు. ఇంట్లో ట్యూబులైటు కింద అందరి కళ్ళూ పచ్చగానే కనిపిస్తాయని వారంనుంచి నాకు నేను సర్ది చెప్పుకుంటున్నాను. అక్కడ షట్టరు దగ్గర పగటి వెలుతురు బాగా పడుతుంది.

ఆయన సీటు చట్రానికి స్పాంజి పరిచి, రెక్సిను లాగి పట్టుకుని మేకులు కొడుతున్నారు. ఈ పని చేసేవాళ్ళందరూ పది, పన్నెండు మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతారు. నోట్లో ఉన్నవి మళ్ళీ డబ్బాలో పోస్తారు, అవే ఇంకొకళ్ళు నోట్లో పెట్టుకుంటారు. జబ్బు తెలిసిన రోజునుంచి ఆయన మేకు నోట్లో పెట్టుకోలేదు. పాత స్పీకరులోని అయస్కాంతం ఊడదీసి మణికట్టుకి కట్టుకున్నారు, మేకులు దానికి అంటుకుని ఉంటాయి. షాపులోవాళ్ళు దాన్ని గడియారం అంటారు. ఎవరైనా టైమెంతయిందని ఎగతాళి చేస్తే, మేకు తక్కువ పది అంటారాయన.

నన్ను చూసి, "ఏంటి, రికార్డు రూము నడిచొచ్చింది?" అన్నారు. నవ్వారు.

కళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఫిబ్రవరి 18, మంగళవారం

పెద్ద డాక్టరు గది దాకా వెళ్ళాను. లోపల పేషెంటున్నారు. వచ్చేశాను.

ఫిబ్రవరి 19, బుధవారం

వెళ్ళాను. లోపల ఎవరూ లేరు. అయినా వచ్చేశాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఒక దారి దొరికింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మా దగ్గర కాగితాలు తేదీ వరసలో బెజ్జం పెట్టి తాడుకి గుచ్చుతాం. ఆ రిపోర్టు తీసి, దాని మీద పేరున్నచోట ఆయన హెచ్‌ఐవీ నంబరు చీటీ అంటించాను. పాత కాగితాల మీద అలాంటి చీటీలు బోలెడు. ఫైలు తాడు విప్పి, పదకొండేళ్ళ కిందటి తేదీల మధ్య దాన్ని గుచ్చి, మళ్ళీ ముడి వేశాను. మొదట్నుంచీ అక్కడే ఉన్నట్టుంది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని, ఎక్కడా తేడా రాలేదు. మంగళవారం పెద్ద డాక్టరు చూస్తాడు, మందు మారుస్తాడు, తగ్గిపోతుంది.

ముందే ఎందుకు తట్టలేదు నాకు ఇది?

ఫిబ్రవరి 25, మంగళవారం

పెద్ద డాక్టరు ఆయన కళ్ళు చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, ఫైలు మొదటినుంచీ తిరగేశాడు. ఆ కాగితం దగ్గర ఆగాడు. ముందుకి వెళ్ళి డిసెంబరులో తను రాసుకున్నది చదివాడు. మళ్ళీ వెనక్కి వచ్చి కాగితం చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉందమ్మా," అన్నాడు నాతో. "ఫైల్లోనే ఉంది. నేను చూడలేదు."

తప్పు తన మీద వేసుకుంటాడని నేను అనుకోలేదు. మందు మారుస్తాడని మాత్రమే అనుకున్నాను. మా ఆయన నావైపు చూశారు. ఈసారి కూడా నాకు కిటికీయే దొరికింది.

కొత్త మందు ఇచ్చాడు, రక్త పరీక్షలు రాశాడు, స్కాను రాశాడు.

మార్చి 4, మంగళవారం

లివరు పరీక్షల అంకెలు చూసి లెక్కల డాక్టరమ్మ నెమ్మదిగా కాగితం మడిచి నాకిచ్చింది. ఆ నంబరు నా భర్తదని మొన్న నేనే చెప్పాను. చెప్పాల్సినవాటిలో అది తేలికైనది. కామెర్లు మందుతో తగ్గుతాయని అంది. ఇంకేమైనా చెబుతుందని నిలబడ్డాను. స్కాను రానివ్వండి అంది.

మార్చి 12, బుధవారం

ఏడు సెంటీమీటర్లు. పక్కన ఇంకో రెండు చిన్నవి. రక్తనాళంలోకి పాకింది. కోయడానికి లేదు.

మందు మార్చకపోయినా గడ్డ వచ్చేదేమో అని అడిగాను. రావచ్చు, కానీ ఆరు నెలలకోసారి స్కాను తీసి ఉంటే చిన్నగా ఉన్నప్పుడే కనిపించేదని పెద్ద డాక్టరు చెప్పాడు. జబ్బుందని ఫైల్లో ఉంటేనే కదా ఎవరైనా స్కాను రాసేది. పదకొండేళ్ళు, ఏడాదికి రెండు. ఇరవై రెండు స్కాన్లు. మాత్ర సంగతి పద్నాలుగు నెలలదే, ఇది పదకొండేళ్ళది.

తన పొరపాటని ఆస్పత్రి కమిటీకి రాసిస్తానన్నాడు పెద్ద డాక్టరు. ఇంకో ఏడాదిలో ఆయన రిటైరవుతాడు.

మార్చి 13, గురువారం

ఆయనకి చెప్పారు. షాపుకి వెళ్ళి మధ్యలో ఆపిన సోఫా పూర్తి చేసి వచ్చారు.

మార్చి 23, ఆదివారం

పొద్దున వరండాలో ఆయన గోళ్ళు తీస్తూ చెప్పేశాను. ముద్దుపేరు, రెండో ఫైలు, అంటించిన చీటీ, అన్నీ. తలెత్తకుండా చెప్పాను. చెబుతున్నంతసేపూ వేలు నా చేతిలోంచి లాక్కోలేదు.

"డిసెంబరులో నువ్వు కిటికీ వైపు చూశావు," అన్నారు. "చెప్పకూడదు కాబోలు అనుకున్నాను."

రెండో జబ్బుందని మీకు అప్పుడే చెప్పాను కదా, మీరైనా ఉందని చెప్పొచ్చు కదా అని ఎదురు తిరిగాను. సిగ్గులేదు నాకు.

"నువ్వు రికార్డుల్లో పనిచేసేదానివి. నీకు తెలియనిది నాకేం తెలుసు అనుకున్నాను."

కోపం లేదు గొంతులో. అరిస్తే బాగుండేది. పదకొండేళ్ళు ఒక్క మేకు నోట్లో పెట్టుకోలేదు నేను, అన్నారు. అంతే.

తర్వాత పెద్ద డాక్టరు సంగతి అడిగారు. ఆయన తన తప్పే అనుకుంటున్నాడా అన్నారు. అవునన్నాను. "ఆ మనిషి పదకొండేళ్ళు నన్ను చూసుకున్నాడు. ఆయన మీద ఉంచకు" అన్నారు. సోమవారం చెబుతానని మాటిచ్చాను.

మార్చి 24, సోమవారం

చెప్పలేదు. పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు.

మార్చి 31, సోమవారం

చెప్పలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఆ రోజు ల్యాబు కౌంటరులో నేను భయంతోనే పేరు మార్చాను. అది నిజమే. రిపోర్టు దాచింది మాత్రం భయంతో కాదేమో. పదకొండేళ్ళ కిందట ఆయన ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మూడు నెలలు మాట్లాడలేదు. రిపోర్టు చేతిలో పట్టుకున్నప్పుడు ఇంకోటీ ఉందా, ఉండనీ అనుకున్నాను. అనుకున్నానా?

కోపంతో కాదు. తర్వాత చెబుదాం అనుకున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

చెప్పలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

కడుపులో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడదు, మామూలు కుర్చీలో కూర్చుంటే కడుపు నొక్కుకుంటుంది. షాపులోవాళ్ళు ఒక పాత బస్సు సీటు తెచ్చారు. ఎక్కడ స్పాంజి ఎత్తు తగ్గించాలో, ఎక్కడ వెనక్కి వాల్చాలో ఆయన మంచం మీంచే చెబుతుంటే, వరండాలో కూర్చుని నలుగురు కలిసి చేశారు. ఒకతను మేకులు నోట్లో పెట్టుకోబోయి ఆగి, ఆయన గడియారం అడిగి తీసుకుని కట్టుకున్నాడు. ఎందుకు ఆగాడో తెలియదు. వాళ్ళకి తెలుసేమో. ఇన్నేళ్ళూ తెలిసే టైమెంతయిందని అడుగుతూ వచ్చారేమో.

అదే నిజమైతే నేను ఎవరి దగ్గర దాచాను?

ఆయన సీటులో కూర్చుని, "కిటికీ పక్క సీటు దొరికింది" అన్నారు. అందరూ నవ్వారు. నేను కాఫీ పెట్టడానికి లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 24, గురువారం

మా వదిన వచ్చింది. ఆయనకి ఒక్కతే అక్క, తల్లి పోయాక ఆయన్ని పెంచింది. హెచ్‌ఐవీ సంగతి ఆమెకి తెలియదు. లివరులో గడ్డ అని మాత్రమే చెప్పాం. రోజూ వచ్చి ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, ఆయన నిద్రపోతే వంటింట్లోకి వచ్చి నా పని లాక్కుంటుంది. ఈరోజు గిన్నెలు తోముతూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"నువ్వు ఆస్పత్రిలోనే ఉంటావు కదే. ముందే తెలిస్తే వాడు బతికేవాడా?"

డాక్టర్లకే తెలియలేదు వదినా అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆవిడ తల ఊపి, నా భుజం మీద తడిచెయ్యి వేసింది. నువ్వు మాత్రం ఏం చేస్తావులే తల్లీ అంది.

మే 5, సోమవారం

పెద్ద డాక్టరు ఆస్పత్రి వరండాలో ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. మీ ఆయనకెలా ఉందమ్మా అని, నా జవాబు కోసం ఆగాడు. అది చెప్పే సమయమే. అలాగే ఉందండీ అన్నాను.

మే 20, మంగళవారం

నీరు తీయించడానికి వీల్‌చెయిరులో తీసుకెళ్ళాను. అయ్యాక, పెద్ద డాక్టరుని చూసి వెళ్దాం అన్నారు. గదిలోకి వెళ్ళాక నన్ను మంచినీళ్ళ సీసా తెమ్మన్నారు. సంచిలో సీసా ఉంది. చల్లటివి కావాలన్నారు.

తిరిగి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. పది నిమిషాలు బయట నిలబడ్డాను. లోపల ఆయన గొంతు వినిపించింది గానీ మాటలు తెలియలేదు. తలుపు తెరుచుకునేసరికి పెద్ద డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

ఏం మాట్లాడారని దారిలో అడిగాను. ఇన్నేళ్ళు చూసినందుకు దండం పెట్టొద్దా అన్నారు. నా సంగతి చెప్పేశారేమో అనుకున్నాను. ఉద్యోగం పోతుందనే ఆలోచన కూడా వచ్చింది. ఆయన్ని తోసుకెళ్తూ ఉద్యోగం గురించి ఆలోచించాను నేను.

మే 29, గురువారం

ఇవాళ అడగాలనుకున్నాను, ఎలా వచ్చిందని. పదకొండేళ్ళ తర్వాత. సీటులో వాలి నిద్రపోతున్నారు. లేపలేదు.

జూన్ 2, సోమవారం

మనిషిని గుర్తుపట్టడం లేదు. మత్తులో ఉన్నారు. మధ్యలో ఒకసారి వేళ్ళు కదిలించారు, మణికట్టు దగ్గర ఏదో వెతుక్కున్నట్టు. గడియారం తెచ్చి చేతికి ఆనించాను.

జూన్ 6, శుక్రవారం

పొద్దున పదిన్నరకి.

జూన్ 30, సోమవారం

డ్యూటీలో చేరాను. దగ్గుల సారు లేచి నిలబడ్డాడు, దగ్గు ఆపుకున్నాడు. నా బల్ల ఎవరో తుడిచి పెట్టారు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు పిలిపించాడు. తేరుకున్నట్టున్నాడు, ముఖంలో రక్తం కనిపించింది. కూర్చోమన్నాడు. చాలాసేపు పేపరువెయిటు అటూ ఇటూ జరిపాడు.

"మీకెలా చెప్పాలో తెలియడం లేదమ్మా. మీ ఆయన ఆ రోజు నాకంతా చెప్పాడు. ఆ రిపోర్టు ఇన్నాళ్ళూ తన దగ్గరే దాచుకున్నాడట. వేరే పేరుతో పరీక్ష చేయించుకుని, నాకు లేదని చెప్పాడట. కళ్ళు పచ్చబడ్డాక భయమేసి, వరండాలో ఫైలు చేతికిచ్చినప్పుడు తనే అందులో పెట్టేశాడట." పేపరువెయిటు వదిలేశాడు. "మీక్కూడా చెప్పలేదటగా?"

కిటికీ ఆయన వెనకే ఉంది. ఈసారి అటు చూడలేదు. ఆయన ముఖమే చూశాను. ఎంత తేలికపడ్డాడో ఆ మనిషి. మూడు నెలలు మోసినది దింపుకున్నాడు. కమిటీకి రాసిన ఉత్తరం వెనక్కి తీసుకున్నాడట.

ఇంకేం కావాలి నాకు? అడిగింది ఒక్క మాట. ఆ మాట కాదని చెప్పడానికి కూడా ఒక్క మాట చాలు.

"లేదండీ" అన్నాను.

డిసెంబరులో ఆయన అన్న మాటే.

జులై 1, మంగళవారం

ఆయన మీద ఉంచకు అన్నారు. పెద్ద డాక్టరు మీద ఉంచకు అన్నారు. ఉంచలేదు కదా. ఇప్పుడు పెద్ద డాక్టరు మీద లేదు.

జులై 8, మంగళవారం

వదినకి పెద్ద డాక్టరు చెప్పలేదు, చెప్పడు కూడా. ఆవిడ మాత్రం ఆదివారం ఆ బస్సు సీటు తుడుస్తూ, వాడు చిన్నప్పట్నుంచీ ఏదీ దాచుకోలేడు, అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి అంది. ఆ పది నిమిషాల్లో ఎర్రబడ్డాయేమో. పచ్చటి ఒంట్లో తెలిసి ఉండదు.

జులై 21, సోమవారం

లెక్కల డాక్టరమ్మ ఈ నెలాఖరుకి వెళ్ళిపోతుంది. చివరి ఫైళ్ళు ముగించాం. ఆయన నంబరు మొదటి గుట్టలోంచి మూడో గుట్టలోకి మారింది. ఇప్పుడు అరవై రెండుమంది. చనిపోయినవాళ్ళు ఇరవై.

చనిపోయినవాళ్ళకి ఇంకో కాగితం నింపాలి. ఎన్నేళ్ళు మందు వాడారు, ఎప్పుడు మారింది, మారినప్పుడు రెండో జబ్బు సంగతి ఎందుకు చూడలేదు. పెద్ద డాక్టరు తన చేత్తోనే రాసిచ్చాడు. దాన్ని కంప్యూటరులో ఎక్కించడం నా పని. డాక్టరమ్మ పక్కన నిలబడింది. ఇది నేను చేస్తాను మేడమ్, మీరు లేవండి అంది. అక్కర్లేదన్నాను.

రోగి దాచాడు. అది టైపు కొట్టాను.

జబ్బు దాచిపెట్టి ఆయన పేరు కాపాడదామనుకున్నాను నేను. అలాగని పదకొండేళ్ళు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ ఫైలు చదివే ప్రతివాళ్ళకీ ఆయన అబద్ధమాడిన మనిషి. ఆ మాట అక్కడ ఎక్కించింది నా వేళ్ళే. ఇంకా టైముంది, తీసి నిజం రాయొచ్చు, డాక్టరమ్మ ఉన్నన్నాళ్ళూ మార్చవచ్చు. నెలాఖరుకి పది రోజులున్నాయి.

ఆయన ఫైలుకి తాడు గట్టిగా ముడివేసి చనిపోయినవాళ్ళ ర్యాకులో పెట్టాను. మేకుల గడియారం నా సొరుగులో ఉంది, గుండుసూదులన్నీ దానికే అంటుకుని ఉన్నాయి.

వెళ్ళేముందు డాక్టరమ్మ జాబితా మొత్తం ఒకసారి చదివింది. హెపటైటిస్ ఒక్కటే ఉన్నవాళ్ళ గుట్టలో ఆ పల్చటి ఫైలు మళ్ళీ చేతికొచ్చింది. లోపల ఉన్న ఒక్క కాగితమూ నేను తీసేశాను కదా, ఖాళీ అట్ట. ఆమె తెరవలేదు. పైన ఆయన్ని వాళ్ళమ్మ పిలిచిన పేరు. ఈయన గురించి ఏమైనా తెలిసిందా మేడమ్ అని అడిగింది.

లేదన్నాను. జాడ తెలియదన్న గడి ఆమె మార్చలేదు. ఫైలు తీసుకెళ్ళి అట్టడుగు ర్యాకులో పాతచోటే పెట్టాను.

జులై 28, సోమవారం

చెప్పలేదు.

జులై 31, గురువారం

డాక్టరమ్మ వెళ్ళిపోయింది.